బొమ్మకు మనసు

నిజామాబాదు జిల్లాలోని బాల్కొండకు పూర్వనామము అల్లకొండ. పాత కోటను ఆనుకొని వెలసిన ఆ యూరి చెంతగా సాగు జాతీయ రహదారి ఉత్తరదిశగా పోయి, సోను వద్ద గోదావరిని దాటి, నిర్మలు పట్టణమును చేరును. నిర్మలు పేరు చెప్పగనే పొణికి కర్రతో చేసిన బొమ్మలు తలపునకు వచ్చును. తేలికైన ఆ కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల జిగురుతో అతికి, రంగులు వేసి, శిల్పి ఒక జింకనో, చిలుకనో, జామపండునో చేసి చూపును. పండును చూచిన పసివాడు దానిని కొరుకబోవుటయు కద్దు. అది శిల్పి నేర్పు. అయినను ఆ జింక ఎవరిని చూచి బెదరినది, ఎక్కడికి పరుగెత్తదలచినది అని ఎవరును అడుగరు. బొమ్మ కదలకయున్నంతవరకు ఆ ప్రశ్న పుట్టదు. కదలిన మరుక్షణమే పుట్టును.

బాల్కొండలో ఒక యింట ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు వేసవి సెలవులలో జపాను దేశపు బొమ్మల చలనచిత్రమును చూచుచుండెను. జపానువారు ఇట్టి చిత్రములను అనిమే యందురు. గీచిన బొమ్మలను వరుసగా, వేగముగా చూపి, అవి తమంతట తామే కదలుచున్నట్లు భ్రమ కల్పించుట ఇందలి కిటుకు. బాలుని అవ్వ ప్రక్కనే కూర్చుండి చేటలో పసుపుకొమ్ములు ఏరుచుండెను. తెరమీది మాటలు ఆమెకు తెలియవు. తోడేళ్లతో కూడిన బాలిక యొకతె, వాన కురియుచుండగా, కొండవాలున బియ్యపు మూటలతో పోవుచున్న ఎడ్లబారుపై వచ్చి పడెను. అవ్వ తలయెత్తి చూచెను.

"గా పిల్లకు గంత కోపమెందుకొచ్చింది బిడ్డా?"

"ఆ ఎడ్లవాళ్ల ఊరోళ్లు అడవిని నరుకుతున్నరు అవ్వా. ఆమెను పెంచింది తోడేళ్లే."

"గట్లనా" అని అవ్వ మరల చేట వైపు తిరిగెను.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. తోడేలు మనుష్యశిశువును పెంచుట సంభవమా యని అవ్వ అడుగలేదు. తోడేళ్లు ఎడ్లంత యెత్తున నుండుటను గూర్చియు అడుగలేదు. అంతటి వింతలను ఆమె సులభముగా ఒప్పుకొనెను. కోపమునకు మాత్రము కారణము కావలెననెను. కారణము దొరకగనే ఆమెకు తృప్తి కలిగెను. కథలు వినువారందరును ఇంచుమించుగా ఇట్లే యుందురు. ఆకసమున ఎగురు గుఱ్ఱమును వారు నమ్ముదురు. ఆ గుఱ్ఱపు రౌతు తన తమ్ముని అకారణముగా విడిచిపోయినచో నమ్మరు.

నాట్యశాస్త్రకర్తయైన భరతముని రసమును గూర్చి చెప్పునప్పుడు విభావము, అనుభావము, వ్యభిచారిభావము అను మూడింటి కూడికను పేర్కొనెను. వ్యభిచారిభావమునే సంచారిభావమనియు నందురు. పేర్లు కఠినములుగా తోచినను అర్థము సులభము. విభావమనగా కారణము. ఆ కారణమువలన దేహమందు కనబడు మార్పు అనుభావము. నడుమ వచ్చిపోవు చిన్న చిన్న తలపులు సంచారిభావములు. ఒక బాటసారి పులిని చూచెను, అది విభావము. అతని కాళ్లు వణకెను, అది అనుభావము. పారిపోదునా, చెట్టెక్కుదునా, ఇంటివద్ద పిల్లలేమగుదురు అని క్షణమునకొక చింత కలిగెను, అవి సంచారులు. పులిని చూపక వణకును మాత్రమే చూపినచో ప్రేక్షకుడు భయపడడు. పాపము, ఇతనికి చలిజ్వరము వచ్చినది కాబోలు ననుకొనును.

భీమగల్లు బాల్కొండకు దూరము కాదు. ఆ ప్రాంతపువాడని చెప్పబడు కొరవి గోపరాజు 15వ శతాబ్దమున సింహాసన ద్వాత్రింశికను తెలుగు చేసెను. విక్రమార్కుని సింహాసనమునకు అమరియున్న ముప్పదిరెండు బొమ్మలు భోజరాజునకు కథలు చెప్పుట ఆ కథాచక్రమునకు ఆధారము. బొమ్మలు మాటలాడుట మన సాహిత్యమునకు ఎంత పాతదో దీనివలన తెలియును. ఆ కథలకు ముందు ఒక చేని ప్రస్తావన వచ్చును. చేనికి కావలియున్న యజమాని మంచెమీద నున్నంతసేపు దారిని పోవువారిని ఆదరముతో పిలిచి, కావలసినంత కోసికొని తినుడనును. మంచె దిగినంతనే, చేను పాడుచేయుచున్నారని వారినే తిట్టును. మరల ఎక్కును, మరల దాతయగును. చూచువారికి అతడు పిచ్చివాడుగా కనబడును. భోజరాజు మాత్రము నవ్వి ఊరకుండక, ఆ చోట త్రవ్వించెను. విక్రమార్కుని సింహాసనము బయటపడెను.

పాత్రల స్వభావమును గూర్చి ఆలోచించువారికి ఇంతకంటె చక్కని దృష్టాంతము దొరకుట అరుదు. మనుష్యులు ఒకప్పుడొకతీరుగను, మరియొకప్పుడు దానికి విరుద్ధముగను ప్రవర్తింతురు. అది లోకసహజము. కథలోని పాత్రయు అట్లే ప్రవర్తింపవచ్చును. అయితే త్రవ్వి చూచిన అడుగున ఏదో యొకటి దొరకవలెను. త్రవ్వగా త్రవ్వగా మన్నే వచ్చుచున్నచో వినువాడు పార పారవేసి లేచిపోవును. పూర్వకథలో ఆ కారణము భూమిలో నుండెను. నేటి కథకుడు దానిని పాత్ర హృదయములోనే పాతిపెట్టవలసి యున్నది, భేదమంతయు ఇంతే.

జపాను చిత్రకారులకు ఈ అవసరము తక్కినవారికంటె ఎక్కువగా కలిగెను. అందులకు కారణము వారి పేదరికమని చెప్పిన ఆశ్చర్యముగా నుండును. చలనచిత్రము తెరపై సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడచును. ప్రతి ఫ్రేమునకు ఒక క్రొత్త బొమ్మ గీయవలెనన్న ఎందరు చిత్రకారులు కావలెనో, ఎంత ధనము కావలెనో ఊహింపవచ్చును. ఒసాము తెజుకా యను చిత్రకారుడు టెలివిజను కొరకు వారము వారము ఒక బొమ్మల కథను తీయ సంకల్పించినప్పుడు అంత ధనము గాని, అంత వ్యవధి గాని లేకుండెను. ఒకే బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపినచో సెకనుకు ఎనిమిది బొమ్మలతో పని గడచును. కొన్ని చోట్ల ముఖము నిశ్చలముగా నుండ, పెదవులు మాత్రమే కదలును. కన్ను మాత్రమే ఆర్పబడును. జపాను టెలివిజను చిత్రములు ఈ పొదుపు మార్గముననే పెరిగెను. అంగవిన్యాసముతో మెప్పింపజాలని బొమ్మ మరి దేనితో మెప్పింపవలెను? తన బాధతో మెప్పింపవలెను. నిశ్చలమైన ముఖమును చూచుచు ప్రేక్షకుడు, ఈమె యిప్పుడేమి తలచుచున్నదో యని తానే ఊహించుకొనును. ఊహింపదగిన సామగ్రి అంతకుముందే కథలో దొరకియుండవలెను గదా!

తెజుకా తీసిన ఆ కథ పేరు తెత్సువాన్ అతోము. ఇంగ్లీషువారు ఆస్ట్రో బాయ్ అనిరి. 1952లో పత్రికలో బొమ్మల కథగా మొదలై, 1963 జనవరి 1వ తేదీన టెలివిజనుకు వచ్చెను. తెన్మా యను శాస్త్రజ్ఞుని కుమారుడు ప్రమాదమున మరణించెను. తండ్రి దుఃఖము పట్టజాలక, కుమారుని రూపముననే ఒక యంత్రబాలుని నిర్మించెను. కొన్నాళ్లు ముచ్చటగా గడచెను. క్రమముగా తండ్రికి ఒక లోపము తెలియవచ్చెను: ఆ బాలుడు పెరుగుటలేదు. ఏడాది గడచినను అంతే యెత్తు. చొక్కా బిగువు కాదు, చెప్పు చాలకపోదు. ఆ కోపమున తండ్రి వానిని సర్కసువారికి అమ్మివేసెను. పిమ్మట ఆ యంత్రబాలుడు మనుష్యులను కాపాడుటకు ఎన్నియో సాహసములు చేయును. బలము లక్ష గుఱ్ఱములది. ఆ బలమును ఎవరైన కల్పింపగలరు. ప్రేక్షకుల కనులు చెమర్చునది మాత్రము ఆ పెరుగని చొక్కా దగ్గర. ప్రేమింపబడగోరి, చేయని తప్పునకు వెళ్లగొట్టబడిన బాలుడు తక్కినవారిని వెళ్లగొట్టనీయక కాపాడుటలో వింతయేమి?

హయావో మియజాకి 2001లో తీసిన చిత్రమొకటి ఇంగ్లీషున స్పిరిటెడ్ అవే యను పేర ప్రపంచమంతట ప్రసిద్ధి చెంది, 2003లో ఆస్కారు బహుమతి నందెను. అందలి నాయిక చిహిరో పదేండ్ల పిల్ల. ఆమెకు మహత్తర లక్ష్యమేదియు లేదు. తల్లిదండ్రులు ఊరు మారుచుండగా, స్నేహితురాండ్రను విడిచిపోవలసి వచ్చినందుకు కారు వెనుక సీటున ముఖము ముడుచుకొని పడియుండును. త్రోవ తప్పి వారు దేవతల స్నానశాల యున్న ఒక వింత యూరికి చేరుదురు. అచ్చటి వంటకములను అడుగకయే తిని తల్లిదండ్రులు పందులగుదురు. వారిని విడిపించుకొనవలెనన్న ఆ పిల్ల అచ్చట పని సంపాదింపవలెను. యజమానురాలైన మాంత్రికురాలు పని ఇచ్చి, పేరు లాగికొనును. పేరు మరచినచో ఇంటికి దారియు మరచినట్లే.

ఈ కథలో భూతములున్నవి, ఆరు చేతుల ముసలివాడున్నాడు, నదియే బాలుడై తిరుగుచున్నాడు. అయినను చిహిరో చేయు ప్రతి పనియు బాల్కొండలోని పిల్లకు తెలిసిన పనియే: అమ్మా నాన్నా కావలెను, అందులకై నేల తుడువవలెను. ఒకచోట హాకు అను బాలుడు ఆమెకు అన్నపు ముద్దలు తెచ్చి యిచ్చును. అంతవరకు ఏడువని పిల్ల, ముద్ద నోట పెట్టుకొనగనే పెద్ద పెద్ద కన్నీటిబొట్లు రాల్చి ఏడ్చును. భయము కలిగినప్పుడు రాని యేడుపు అన్నము తినునప్పుడు వచ్చుట ఎంత నిజము! జాతరలో తప్పిపోయిన పిల్ల ఒంటరిగా తిరుగునప్పుడు ఏడువదు. తెలిసినవారు చేయి పట్టుకొనగనే బావురుమనును. ఆ చిత్రకారుడు లోకమును బాగుగా చూచియుండవలెను. తన వానిని విడిపించుకొనుటకు కష్టములకోర్చు కథ మనకును క్రొత్త కాదు. బాలనాగమ్మ కథలో బాలవర్ధి తల్లికై మాంత్రికుని కోటకు పోవును. పల్లెజనులు ఆ కథను రాత్రులకు రాత్రులు విన్నది మాంత్రికుని మాయలకొరకే యనుకొనరాదు.

మారని మనసుకంటె మారు మనసును చూపుట కష్టతరము. నిన్న ప్రేమించినవారు నేడు ద్వేషించుట కథలో తరచుగా జరుగును. నమ్మించుట అరుదుగా జరుగును. అందులకు వాల్మీకి కైకేయి మేటి ఉదాహరణము. ఆమె మొదటినుండియు దుష్టురాలని తలచువారు మూలమును వినలేదనవలెను. రాముని పట్టాభిషేకవార్తను మంథర తెచ్చినప్పుడు కైకేయి సంతోషించి, ఆమెకు ఆభరణము బహూకరించెను. రామునియందును భరతునియందును తనకు భేదము లేదనెను. మంథర ఆ నగను విసరివైచి వాదమారంభించెను. ఆ వాదము ఎట్లు నడచినదో గమనింపవలెను. రాముడు చెడ్డవాడని చెప్పి ప్రయోజనము లేదు, కైకేయి నమ్మదు. కనుక మంథర భయమును తట్టిలేపినది. రాముడు రాజైనచో భరతుని గతి యేమి? పూర్వము భర్త ప్రేమను చూచుకొని గర్వముతో నీవు కౌసల్యను చులకన చేసితివి గదా, ఇక ఆమె ఊరకుండునా? ఈ చివరిమాట కైకేయి మనసులో నాటుకొనెను. ఏలయన అది నిజము. తాను చేసిన తప్పే తనకు భయహేతువాయెను. వరములు రెండు దశరథునివద్ద ఏనాటినుండియో నిలువయున్నవి. యుద్ధమున భర్తను కాపాడి ఆమె సంపాదించినవి. క్రొత్తగా ఏదియు తెచ్చిపెట్టబడలేదు. ఎండిన కట్టెలన్నియు ముందే పేర్చియుండెను. మంథర నిప్పు మాత్రమే తెచ్చినది. బిడ్డకై భయపడిన తల్లిగా ఆమెను చూచినవాడు ఆమెను క్షమింపకపోవచ్చును గాని, అర్థము చేసికొనకపోడు.

ఈ రామాయణమును జపానువారు అనిమేగా తీసిరి. యూగో సాకో యను జపాను దర్శకుడు 1983లో భారతదేశమునకు వచ్చినప్పుడు ఈ కథను గూర్చి విని ఆకర్షితుడాయెను. మన దేశపు ప్రసిద్ధ యానిమేషన్ చిత్రకారుడు రామ్ మోహన్, జపాను చిత్రకారుడు కోయిచి ససాకి అతనితో కలిసి పనిచేసిరి. నమస్కారము చేయు తీరు, పంచె కట్టు తీరు మొదలైనవి భారతీయులు చూపగా జపానువారు గీచిరి. 1992లో పూర్తియైన ఆ చిత్రము చాలకాలమునకు, 2025 జనవరి 24వ తేదీన, తెలుగు మాటలతో కూడ మన సినిమాశాలలకు వచ్చెను. రెండుంబావు గంటలలో రామాయణమంతయు చెప్పవలసిన చిత్రమున కైకేయి మనసు మెల్లమెల్లగా మారుటకు చోటెక్కడిది? తెలుగువాడు ఆ లోటును తానే పూరించుకొనును. కథ ఉగ్గుపాలతో విన్నవాడు గదా. కథ నెరుగని ప్రేక్షకుని సంగతి వేరు. ఎరిగినవారికొరకు చెప్పు కథకుడు అదృష్టవంతుడే గాని, ఆ అదృష్టమును చూచి సోమరి కాగూడదు.

మన చిందు యక్షగానమున పాత్ర రంగమునకు వచ్చుచునే ప్రవేశదరువు పాడి, తానెవరో, ఏల వచ్చెనో సభకు తెలుపును. బోధను సమీపమున అమ్దాపూరున నివసించి, స్త్రీపురుష పాత్రలు రెండింటను పేరుగాంచి, 2005లో మరణించిన చిందు ఎల్లమ్మ ఈ విద్యకు వన్నె తెచ్చిన నటి. కిరీటము, భుజకీర్తులు ధరించి, నేను ఫలానావాడనని చిందు వేయుచు ప్రకటించుటలో దాపరికము లేదు. అయినను ఆ ప్రకటనతో పని ముగియదు. రాజునని చెప్పినవాడు రాజువలె నిలువవలెను, రాజువలె వంచింపబడవలెను. పాట ప్రమాణము చేయును. తరువాతి ఆట ఆ ప్రమాణమును నిలుపుకొనవలెను.

కొన్ని జపాను ధారావాహికలు దీనికి సరిగా వ్యతిరేకమైన పొరపాటు చేయుచుండును. క్రూరుడొకడు అనేక భాగముల పాటు ఊళ్లు తగులబెట్టును. నాయకుని కత్తికి లోబడి నేలగూలిన పిమ్మట, ప్రాణము పోవుటకు ముందు, వాని బాల్యము హఠాత్తుగా తెరపైకి వచ్చును: తల్లి లేదు, అన్నము లేదు, అందరును కొట్టిరి. ప్రేక్షకుడు జాలిపడవలెనని ఉద్దేశము. జాలి కలుగునేమో గాని నమ్మకము కలుగదు. అన్నము తిని లేచిన పిమ్మట ఉప్పు వడ్డించిన చందమిది. ఆ బాల్యపు ఛాయ మొదటి భాగముననే, ఒక రొట్టెముక్కను వాడు చూచిన చూపులోనో, తలుపు చప్పుడునకు ఉలికిపడుటలోనో ఉండినచో ఎంత బాగుండెడిది! మరికొందరు దుష్టులు లోకమంతయు నాశనము చేసెదమందురు. ఎందుకో వారికే తెలియదు. లోకమంతయు ఎవరికిని శత్రువు కాదు. మనుష్యునకు పగ ఒక ఇంటిమీదనో, ఒక మాటమీదనో యుండును.

ఇక అవ్వ చూచిన చిత్రమునకు మరలుదము. అది మియజాకి 1997లో తీసిన మోనోనోకే రాజకుమారి. ఆ కథ కారణమును వెదకుటతోనే ఆరంభమగును. అడవిపంది రూపమున నున్న దేవతయొకటి పిచ్చిపట్టి పల్లెమీద పడును. అషితాక యను యువకుడు దానిని చంపి, దాని శాపము చేతిమీద మచ్చగా పొందును. చచ్చిన పంది దేహమున ఇనుపగుండొకటి దొరకును. ఇది ఎక్కడినుండి వచ్చెను? ఎవరు పేల్చిరి? ఆ గుండు వెంట పోయి పోయి అతడు ఇనుము కరగించు నొక యూరిని చేరును. ఆ యూరి అధిపతి ఎబొషి యను స్త్రీ. ఇనుపరాయికొరకు కొండను త్రవ్వించి, బొగ్గుకొరకు అడవిని నరికించునది ఆమెయే. గుండు పేల్చినదియు ఆమెయే.

ఆమె రాక్షసిగా కనబడినచో కథ అంతటితో ముగిసెడిది. కాని ఆ యూరిలో తిత్తులు త్రొక్కుచున్నవారు లోకము అమ్మివేసిన స్త్రీలు; ఎబొషి వారిని కొని తెచ్చి పనియు, గౌరవమును ఇచ్చినది. తుపాకులు చేయుచున్నవారు కుష్ఠరోగులు. ఎవరును తాకనివారి పుండ్లను ఆమె తన చేతులతో కడిగినది. అడవి తరిగినకొలది వారి బ్రదుకు నిలుచును. తోడేళ్ల బాలిక సాన్‌కు ఆ యడవియే తల్లి. ఇద్దరి కోరికలును నిజమైనవే. ఒకటి నెరవేరిన రెండవది చచ్చును. ఎవరి మూల్యము వారు చెల్లింతురు. చివర ఎబొషి ఒక చేతిని కోల్పోవును.

"గా ఊరామె మంచిదా, చెడ్డదా?" అని అవ్వ అడిగెను.

బాలుడు ఆలోచించి, "తెలుస్తలేదవ్వా" అనెను.

అవ్వ పసుపుకొమ్ములు ఏరుట మానినది. బాల్కొండకు కొద్ది దూరముననున్న పోచంపాడు వద్ద గోదావరిపై ఆనకట్టకు, తెజుకా బొమ్మ తెరకెక్కిన 1963లోనే, జులై 26వ తేదీన, జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. నేడు శ్రీరామసాగరమనబడు ఆ జలాశయమున అనేక గ్రామములు మునిగినవి. అవ్వ పుట్టిన యూరు వానిలో నొకటి. ఆమె అప్పుడు చిన్నపిల్ల.

"మా ఊరు గా నీళ్ల కిందనే ఉన్నది బిడ్డా. గుడి, బాయి, మా ఇంటి ముందటి చింతచెట్టు, అన్నీ. మళ్ల గా నీళ్లతోనే మన పసుపు పండుతున్నది. గిప్పుడు చెప్పు, నీళ్లు మంచియా చెడ్డయా?"

బాలునికి బడిలో సెలవులనాటి పనిగా ఒక కథ వ్రాయవలసి యుండెను. ఆ రాత్రి కూర్చుండి మునిగిన యూరి కథను మొదలుపెట్టెను. ఊరిని కొలుచుటకు ఒక ఉద్యోగి వచ్చును. బాలుడు వానికి పెద్ద మీసములు పెట్టెను. వాడు ఇండ్లవైపు వ్రేలు చూపి, ఇవన్నియు మునిగిపోవునని వికటముగా నవ్వును. ఊరివారు ఏడ్తురు. రెండు పుటలు నిండినవి. మరునాటి ఉదయమున అవ్వకు చదివి వినిపించెను. నవ్వు వచ్చుచోట ఆమె చేయెత్తి ఆపెను.

"ఆయన నవ్వలే బిడ్డా."

"మరేం చేసిండు?"

"గొలుసు పట్టి కొలిచిండు, రాసుకున్నడు. ఎండకాలం. మా ఇంట్లకొచ్చి మంచినీళ్లడిగిండు. మా అమ్మ చల్ల ఇచ్చింది. చల్ల తాగుకుంట మా చింతచెట్టు దిక్కే చూసిండు. గా చెట్టును గూడ రాసుకుండు."

"మీ అమ్మకు కోపం రాలేదా? ఎందుకిచ్చింది చల్ల?"

అవ్వ కొంతసేపు పలుకలేదు. "ఎండల పడి వచ్చిండు గద" అని చివర కనెను. "పోయినంక అదే చెంబు పట్టుకొని ఏడ్చింది."

బాలుడు గదిలోనికి పోయి మీసములును, నవ్వును కొట్టివేసెను. ఆ చోట ఉద్యోగి వాకిట నిలిచి మంచినీళ్లడుగుటను వ్రాసెను. తల్లి చల్ల తెచ్చుటను, గొలుసు నేలపై ఎండలో కాలుచుండుటను వ్రాసెను. ఉద్యోగి చల్ల త్రాగి చెంబు తిరిగి యిచ్చుచు ఏమనును? ఏదో యొకటి అనవలెను. ఏమియు అనకయు పోవచ్చును. అతనికిని ఎక్కడనో ఒక యూరుండును, అచ్చట నీరు లేక ఎండిన చేను ఉండవచ్చును. ఆ సంగతి ముందు పుటలోనే ఎక్కడనైన రావలెనని బాలునికి తోచి, కాగితము వెనుకకు త్రిప్పి, ఉద్యోగి ఊరిలోనికి నడచివచ్చు చోట ఒక వాక్యమునకు స్థలము వదలి, కలము పట్టుకొని కూర్చుండెను.